పోస్టింగ్‌లో ఎవరి దగ్గర నేర్చుకోవాలి? నర్సింగ్ విద్యార్థుల ముందున్న ఐదు దారులు

ప్రతి ఏడాది వార్డు పోస్టింగులు (ఆసుపత్రి వార్డుల్లో చేసే ప్రాక్టికల్స్) మొదలైన మూడో వారానికల్లా సెకండియర్ పిల్లలు ఒకరిద్దరు నర్సింగ్ కాలేజీలో టీచర్‌నైన నా దగ్గరికి వచ్చి ఇంచుమించు ఇదే మాట అంటారు. "మేడమ్, పొద్దున ఎనిమిదింటికి పోతున్నం, రెండింటికి వస్తున్నం. బీపీలు చూస్తున్నం, టెంపరేచర్లు రాస్తున్నం, బెడ్లు సర్దుతున్నం. కొత్తగ ఏం నేర్చుకుంటున్నమో మాకే తెలుస్తలేదు."

వాళ్ల తప్పేం లేదు. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో ఒకే వార్డులో రెండు మూడు కాలేజీల యూనిఫాంలు కనిపించే రోజులుంటాయి. స్టాఫ్ తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి నేర్పే పరిస్థితి ఉండదు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో గెజిట్‌లో ప్రకటించిన కొత్త బీఎస్సీ సిలబస్‌లో గంటలకు లోటు లేదు. 8 సెమిస్టర్లు, ఆసుపత్రిలో నేర్చుకునే ఒక్కో క్లినికల్ క్రెడిట్‌కు 80 గంటలు, ఆఖరి సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్: 22 వారాలు, వారానికి 48 గంటలు, మొత్తం 1056 గంటలు. డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్ హాజరు నూటికి నూరు శాతం ఉండాలి. స్వయంగా చదువుకోవడానికి కూడా టైం చూపించారు. ఇన్ని గంటల్లో ఎవరి పక్కన నిలబడాలి, ఎవరిని ఏం అడగాలి అన్నది మాత్రం విద్యార్థే తేల్చుకోవాలి.

ఇక్కడే 'మెంటర్‌తో సొంతంగా నేర్చుకోవడం' అనే పద్ధతి పనికొస్తుంది. ఈ వారం ఏం నేర్చుకోవాలో మీరు ఎంచుకుంటారు. చేసేటప్పుడు అనుభవం ఉన్న మనిషి పక్కన ఉండి చూస్తారు. ఈ రెండింట్లో ఏది లేకపోయినా పద్ధతి పనిచేయదు.

నాకు ఇది ఆలస్యంగా అర్థమైంది. నేను చదువుకునే రోజుల్లో మా ప్రొసీజర్ బుక్ (చేత్తో చేసిన ప్రతి పనికీ సంతకం పెట్టించుకునే పుస్తకం) మొత్తానికి ఆఖరి రోజు ఒక్క గంటలో సంతకాలు అయిపోయాయి. రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) వేసినట్టు నా పుస్తకంలో ఉంది. నా చేత్తో ఎన్నడూ వేయలేదు. మొదటి ఉద్యోగంలో ఒక నైట్ డ్యూటీలో పక్షవాతం వచ్చిన పెద్దాయనకు ట్యూబ్ మార్చాల్సి వచ్చింది. ట్రే పెట్టుకుని నిలబడ్డాను, చేతులు వణుకుతున్నాయి. పక్క వార్డు సిస్టర్‌ను పిలిచాను. ఆమె వచ్చి ట్యూబ్ తీసుకోలేదు. "నువ్వే చెయ్. నేను చూస్త" అంది. ముక్కు నుంచి చెవి తమ్మె దాకా, అక్కడి నుంచి రొమ్ము ఎముక కింది కొన దాకా కొలిపించింది. ఆయన్ను కూర్చోబెట్టించింది, మింగమని చెప్పించింది. నేను తొందరపడ్డప్పుడు నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఆ పది నిమిషాల్లో నేర్చుకున్నది మూడేళ్ల పుస్తకంలో లేదు.

అప్పటి నుంచి ఎవరు మెంటర్‌గా పనికొస్తారు అని అడిగితే నాకు "నువ్వే చెయ్. నేను చూస్త" అన్న ఆ నాలుగు మాటలే గుర్తొస్తాయి.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

మెంటర్ అనగానే చాలామంది పెద్ద హోదా, ఎక్కువ సర్వీసు చూస్తారు. అవి చివరకు చూడొచ్చు. ముందు చూడాల్సినవి వేరు.

మీ చేతులు చూస్తారా? నర్సింగ్‌లో తప్పులు చాలావరకు చేతుల్లో దొరుకుతాయి. గ్లోవ్స్ వేసుకున్నాక మంచం రైలింగ్ పట్టుకోవడం, ఆంప్యూల్ లేబుల్ చదవకుండానే విరగ్గొట్టడం లాంటివి మనకు కనబడవు, చూసేవాళ్లకే కనబడతాయి.

వాళ్ల ముందు "నాకు రాదు" అనగలరా? అనలేకపోతే మీరు వచ్చినట్టు నటిస్తారు. రోగి దగ్గర నటించడం కన్నా ప్రమాదం ఇంకోటి లేదు.

ఎన్నాళ్లు దొరుకుతారు? పోస్టింగ్ రెండు మూడు వారాలకు మారిపోతుంది. సిస్టర్లకు షిఫ్టులు మారతాయి. నాలుగుసార్లైనా కలవలేని మనిషి మెంటర్ కాలేరు.

రోగికి రక్షణ ఉందా? విద్యార్థి మందు ఇచ్చినా, సూది వేసినా రిజిస్టర్డ్ నర్సు పర్యవేక్షణలోనే జరగాలి. ఈ విషయంలో బేరం లేదు.

లాగ్‌బుక్‌లో సంతకం పెట్టే అధికారం ఉందా? ఇది ఆఖరిది. చాలామంది దీన్నే మొదట చూస్తారు, అక్కడే దారి తప్పుతారు.

రోగి రక్షణ ఎలాగూ తప్పదు. అది పోగా, నా లెక్కలో మొదటి రెండూ మిగతా రెండింటి కన్నా బరువైనవి.

## ఒక్క చూపులో

| దారి | చేతులు చూస్తారా | రాదు అని చెప్పగలమా | ఎన్నాళ్లు దొరుకుతారు | సంతకం | ముఖ్యమైన చిక్కు |
|---|---|---|---|---|---|
| కాలేజీ సీఐ మేడమ్ (క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్, వార్డులో నేర్పే కాలేజీ టీచర్) | అప్పుడప్పుడు | మార్కుల భయం ఉంటుంది | ఏడాది పొడవునా | పెడతారు | పది మందికి ఒకరు |
| వార్డు సిస్టర్ | దగ్గరుండి | మనిషిని బట్టి | పోస్టింగ్ ఉన్నన్నాళ్లు | కాలేజీ పద్ధతిని బట్టి | టైం దొరకదు, కొన్ని పాత అలవాట్లు |
| సీనియర్ విద్యార్థి, ఇంటర్న్ | చూస్తారు | ధైర్యంగా | ఏడాది, రెండేళ్లు | లేదు | సగం తెలిసిన జ్ఞానం |
| ఫోన్‌లో దూరపు మెంటర్ | చూడలేరు | ధైర్యంగా | ఏళ్ల తరబడి | లేదు | రోగి గోప్యత |
| వీడియోలు, యాప్‌లు, స్కిల్ ల్యాబ్ | లేదు | అడిగేవాళ్లే ఉండరు | ఎప్పుడైనా | ల్యాబ్‌కు మాత్రం | తప్పు దిద్దేవాళ్లు లేరు |

## కాలేజీ సీఐ మేడమ్

నేనూ ఈ పనే చేస్తున్నాను, అందుకే నిక్కచ్చిగా చెప్తాను. పది మంది విద్యార్థులకు ఒక టీచర్ అన్నది కౌన్సిల్ లెక్క. ఆరు గంటల షిఫ్టులో హాజరు, కేస్ అలాట్‌మెంట్, కేర్ ప్లాన్ దిద్దడం, వార్డు ఇన్‌చార్జితో మాట్లాడటం పోగా ఒక్కొక్కరికి మిగిలేది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో మీ చేతులు చూడాలంటే మీరే పిలవాలి.

ఆమె బలం ఇంకోచోట ఉంది. ఏడాది పొడవునా మీ ప్రయాణం ఆమెకు కనబడుతుంది. మెడికల్ వార్డులో మీకు రానిది సర్జికల్ వార్డుకు వచ్చేసరికి వచ్చిందా లేదా చెప్పగలిగేది ఆమె ఒక్కరే. సిలబస్‌కూ వార్డుకూ మధ్య తేడా వస్తే తేల్చేది కూడా ఆమే.

చిక్కల్లా మార్కులు. ఇంటర్నల్స్ వేసే మనిషి దగ్గర "నాకు రాదు మేడమ్" అనడానికి పిల్లలు జంకుతారు. నా విద్యార్థులకు మొదటి రోజే చెప్తాను, రాదని చెప్పినందుకు మార్కు తగ్గదని. అయినా నమ్మడానికి వాళ్లకు రెండు నెలలు పడుతుంది. కాబట్టి సీఐ మేడమ్‌ను మీ లెక్కలు చూసే పెద్దగా పెట్టుకోండి. రోజువారీ చేతి పనికి ఇంకొకరు కావాలి.

## వార్డు సిస్టర్

ఇప్పుడు నర్సింగ్ ఆఫీసర్ అంటున్నా, వార్డులో రోగి దగ్గర నుంచి డాక్టర్ దాకా అందరూ పిలిచేది సిస్టర్ అనే. ఐదు దారుల్లో ఎక్కువ నేర్పేది ఇదే. ఎక్కువ తంటాలు పెట్టేదీ ఇదే.

ఎందుకు ఎక్కువ నేర్పుతుందో రెండు ఉదాహరణలు చెప్తాను.

మన ప్రాంతం పత్తి, మిర్చి, వరి ప్రాంతం. పురుగుల మందు తాగిన కేసులు ఎంజీఎంకు వస్తూనే ఉంటాయి. పుస్తకంలో విరుగుడుగా "ఆట్రోపిన్ ఇవ్వాలి" అని ఒక్క లైన్ ఉంటుంది. విద్యార్థికి రావాల్సిన ప్రశ్న: ఆట్రోపిన్ సరిపోయిందని ఎలా తెలుస్తుంది? ఆర్గానోఫాస్ఫేట్ (ఒక రకం పురుగుల మందు) కేసులో మొదట చూడాల్సింది ఛాతీ. స్టెత్ పెడితే గురగుర తగ్గాలి. గుండె వేగం నిమిషానికి 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి, చంకలు ఆరాలి, కనుపాప సూదిమొన అంత చిన్నగా ఉండకూడదు. కనుపాప మారడానికి ఆలస్యం కావచ్చు, అందుకని దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోకూడదు. ఆట్రోపిన్ ఎక్కువైతే జ్వరం, గాబరా, సంధి మాటలు, కడుపు కదలికలు ఆగిపోవడం, మూత్రం బిగుసుకుపోవడం కనిపిస్తాయి. ఇదంతా చదివితే పది నిమిషాలు. కానీ ఒకే రోగి దగ్గర సిస్టర్‌తో కలిసి పదిహేను నిమిషాలకోసారి ఛాతీ విని, చంక తడిమి, చార్టు రాసిన విద్యార్థికి అది జన్మలో మరిచిపోయేది కాదు.

రెండోది ప్రసూతి వార్డు. వరంగల్ సీకేఎం ఆసుపత్రిలోనో, హన్మకొండ ప్రసూతి ఆసుపత్రిలోనో పోస్టింగ్ పడితే, బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చే సందర్భం ఎప్పుడో ఒకప్పుడు చూస్తారు. 50 శాతం ఆంప్యూల్ 2 మిల్లీలీటర్లలో 1 గ్రాము ఉంటుంది. ప్రిచార్డ్ పద్ధతిలో మొదట 4 గ్రాములు 20 శాతానికి పలుచన చేసి నరంలో మెల్లగా, ఆపైన ఒక్కో పిరుదులో 5 గ్రాముల చొప్పున లోతుగా కండలో. తర్వాత 4 గంటలకోసారి 5 గ్రాములు, పక్క మార్చి. ఈ అంకెలు అందరూ బట్టీ పడతారు. సిస్టర్ నేర్పేది తర్వాతి డోస్‌కు ముందు ఆగడం. మోకాలి రిఫ్లెక్స్ ఉందా, శ్వాస నిమిషానికి 16కు తగ్గకుండా ఉందా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకుండా వస్తోందా అని చూసుకోవాలి. వీటిలో ఏది తేడాగా ఉన్నా సిరంజి ట్రేలో పెట్టి డాక్టర్‌ను పిలవాలి. దాని విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ చేయి చాపితే అందాలి. ఒక సిస్టర్ తన విద్యార్థినితో ముందు ఆ ఆంప్యూల్‌ను వెతికించి, తర్వాతే మెగ్నీషియం తీయనిచ్చేది. ఆ వరుస ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు.

పక్కన నిలబెట్టి నేర్పడం ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే మన కరీంనగరే ఉంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ కలిసి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. వచ్చినవాళ్లు అప్పటికే డ్యూటీలు చేస్తున్న నర్సులు. ఉద్యోగంలో ఉన్నవాళ్లకే అన్ని నెలలు ప్రసవాల గదిలో దగ్గరుండి నేర్పాల్సి వచ్చిందంటే, విద్యార్థికి మూడు వారాల పోస్టింగ్‌లో పక్కన ఒక మనిషి ఎంత అవసరమో ఆలోచించండి.

ఇక తంటాలు. సిస్టర్‌కు మీకు నేర్పినందుకు జీతం పెరగదు, రోగులు తగ్గరు. కసురుకునేవాళ్లు ఉంటారు. మొదట్లో మీ వల్ల ఆమె పని నెమ్మదిస్తుంది కూడా. అందుకే ముందు ఆమె పనిలో ఒక భారం తీసుకోండి. ఓవర్ ఇచ్చే (తర్వాతి షిఫ్టుకు వార్డు అప్పగించే) టైంకు వార్డులో అందరి ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టులు (లోపలికి పోయిన, బయటికి వచ్చిన ద్రవాల లెక్క) పూర్తి చేసి పెట్టే విద్యార్థిని ఏ సిస్టరూ వద్దనదు.

రెండో చిక్కు పాత అలవాట్లు. రైల్స్ ట్యూబ్ సరైనచోట ఉందా అని చూడటానికి సిరంజితో గాలి కొట్టి కడుపు మీద స్టెత్ పెట్టి వినడం చాలా వార్డుల్లో ఇంకా ఉంది. ఆ శబ్దాన్ని నమ్మడానికి లేదు. ఊపిరితిత్తుల్లో ఉన్నా వినిపించవచ్చు. లోపలి ద్రవం తీసి పీహెచ్ కాగితంతో చూడటం, అనుమానం ఉంటే ఎక్స్‌రే తీయించడం సరైన పద్ధతి. అలాగే ప్రసవం చురుకైన దశ పాత పార్టోగ్రాఫ్‌లో (ప్రసవం ఎలా సాగుతోందో రాసే చార్టు) గర్భాశయ ముఖం 4 సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర మొదలైతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెచ్చిన లేబర్ కేర్ గైడ్‌లో 5 దగ్గర మొదలవుతుంది. ఇలాంటి తేడా వచ్చినప్పుడు వార్డులో అందరి ముందు సిస్టర్‌ను తప్పు పట్టకండి. పక్కకు వచ్చాక "సిస్టర్, మా పుస్తకంలో ఇట్లా ఉంది, మీరేమంటరు?" అని అడగండి. సగం మంది నిజంగానే ఆసక్తిగా వింటారు. తేలకపోతే సీఐ మేడమ్ దగ్గరికి తీసుకెళ్లండి.

## సీనియర్ అక్క, ఇంటర్న్

హాస్టల్లో ఉండేవాళ్లకు ఇది చేతికందే దారి. నిరుడు మీరున్న చోటే ఉన్న మనిషి కాబట్టి ఎక్కడ తడబడతారో ఆమెకు తెలుసు. రాత్రి పది గంటలకు కూడా అడగొచ్చు. డ్రిప్ లెక్కలు, ట్రే సర్దడం, కేస్ ప్రెజెంటేషన్, ఏ సార్ రౌండ్స్‌లో ఏం అడుగుతారు లాంటి వాటికి సీనియర్‌ను మించినవాళ్లు లేరు.

డ్రిప్ లెక్కే తీసుకుందాం. 500 మిల్లీలీటర్లు 4 గంటల్లో పోవాలి, సెట్ (సెలైన్ గొట్టం) మిల్లీలీటరుకు 20 చుక్కలది. 500ను 20తో గుణించి 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. ఇంతవరకు సీనియర్ బాగా చెప్తుంది. సెట్ 15 చుక్కలదైతే అదే లెక్క 31కి పడిపోతుంది. ప్యాకెట్ మీద చూసి లెక్క వేయాలన్న సంగతి ఆమెకు కూడా ఎవరూ చెప్పి ఉండకపోతే, ఇద్దరూ కలిసి ఒకే తప్పు చేస్తారు. ఈ దారిలో ఉన్న ప్రమాదం ఇదే. తప్పు కూడా ప్రేమగా చేతులు మారుతుంది.

కాబట్టి మంచం పక్కన కొత్త ప్రొసీజర్ సీనియర్ ఒక్కదాని పర్యవేక్షణలో చేయొద్దు. ఇంటర్న్ ఇంకా రిజిస్టర్డ్ నర్సు కాదు.

## ఫోన్‌లో దూరపు మెంటర్

మన జిల్లాల నుంచి హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రులకు, గల్ఫ్‌కు, ఇంకా దూరాలకు వెళ్లిన నర్సులు చాలామంది ఉన్నారు. మీ ఊరి అక్కో, మీ కాలేజీ పాత విద్యార్థినో ఒకరు ఉండే ఉంటారు. వారానికి ఒక్కసారి అరగంట మాట్లాడితే చాలు. మీ చేతులు ఆమె చూడలేదు. కానీ మీ ఆలోచన చూడగలదు. "ఈ రోగికి పల్స్ పెరిగి బీపీ తగ్గుతుంటే నువ్వు మొదట ఎవరికి చెప్పావు? ఎందుకు?" అని అడిగే మనిషి దొరకడం అదృష్టం. ఉద్యోగం, పై చదువు, బయటి దేశాల పరీక్షల గురించి కూడా నిజం చెప్పేది ఆమే.

ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. కేస్ షీట్ ఫొటో, ఎక్స్‌రే ఫొటో, గాయం ఫొటో వాట్సాప్‌లో పంపొద్దు. పేరు, ఊరు, ఐపీ (అడ్మిషన్) నంబర్ చెప్పొద్దు. "నలభై ఏళ్ల ఆమె, షుగర్, కాలు పుండు" అంటే సరిపోతుంది. మన దగ్గర ఊరి పేరు చెప్తే మనిషిని పోల్చుకునేవాళ్లు ఫోన్ అవతలే ఉంటారు.

## వీడియోలు, యాప్‌లు, స్కిల్ ల్యాబ్

ఇవి తోడుగా మంచివే, ఒంటరిగా సరిపోవు. ప్రసూతి పోస్టింగ్‌కు ముందు సేఫ్ డెలివరీ యాప్ ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత నెట్ లేకున్నా చూడొచ్చు. స్కిల్ ల్యాబ్‌లో మానెకిన్ (మనిషి బొమ్మ) మీద కాథెటర్ (మూత్రం గొట్టం) పదిసార్లు వేసి వచ్చిన విద్యార్థికి, నేరుగా రోగి దగ్గరికి వచ్చిన విద్యార్థికి తేడా నాకు తలుపు దగ్గరే తెలిసిపోతుంది. వీడియో చూసేటప్పుడు అది ఎవరు పెట్టారో చూడండి. వ్యూస్ ఎక్కువున్నంత మాత్రాన పద్ధతి సరైనది కాదు.

## మీ పరిస్థితికి ఏది?

*మొదటి ఏడాది, ఫండమెంటల్స్ పోస్టింగ్.* సీనియర్ అక్క, స్కిల్ ల్యాబ్ కలిపి పెట్టుకోండి. వారానికి ఒక్కసారి సీఐ మేడమ్‌కు చేసి చూపించండి. వార్డు సిస్టర్‌ను ఇప్పుడే ఇబ్బంది పెట్టాల్సిన పని లేదు. సిరంజి పట్టుకునే ముందు హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలల మూడు డోసులూ పూర్తయ్యేలా చూసుకోండి. సూది గుచ్చుకుంటే పిండకుండా సబ్బు నీళ్లతో కడిగి వెంటనే చెప్పాలి. హెచ్ఐవీ మందు అవసరమైతే ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. భయపడి దాచుకున్న పిల్లలను చూశాను కాబట్టి చెప్తున్నాను.

*రెండు, మూడు ఏళ్లు.* కళ్లు మూసుకుని వార్డు సిస్టర్. ఎన్ని తంటాలున్నా సరే.

*నర్సంపేట, పరకాల, జనగామ వైపు నుంచి రోజూ బస్సులో, రైల్లో వచ్చేవాళ్లు.* రెండింటికి షిఫ్టు అయిపోగానే బస్టాండుకు పరుగు, హాస్టల్ సీనియర్లు మీకు దొరకరు. పొద్దున అరగంట ముందొచ్చి ఓవర్ వినండి. నైట్ సిస్టర్ ఓవర్ ఇచ్చే మాటల్లో వార్డు మొత్తం ఉంటుంది. ప్రయాణంలో దూరపు మెంటర్‌తో మాట్లాడొద్దు, బస్సులో రోగి సంగతులు పదిమంది వింటారు. ఆ టైంలో ప్రశ్న రాసుకోండి.

*చిన్న ప్రైవేటు కాలేజీలో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా).* సొంత ఆసుపత్రిలో రోగులు తక్కువగా ఉంటే ప్రభుత్వ ఆసుపత్రికి పంపే వారాలే మీ బంగారం. ఆ వారాలకు ముందే ఏ మూడు నేర్చుకోవాలో రాసుకుని వెళ్లండి. అక్కడికెళ్లాక ఆలోచిద్దాం అనుకుంటే సగం పోస్టింగ్ అయిపోతుంది.

*ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన కోయ, లంబాడీ అమ్మాయిలు.* మీలో చాలామంది అడగడానికి సిగ్గుపడతారు, వెనక నిలబడతారు. కానీ తన బాధను తెలుగులో చెప్పలేని ముసలమ్మ వార్డులోకి వచ్చినప్పుడు సిస్టర్‌కు అవసరమైన మనిషి మీరే. అలా మాట కలిపిన రోజే ఆమెను మెంటర్‌గా ఉండమని అడగండి. అప్పుడు కాదనడం కష్టం.

*అబ్బాయిలు.* ప్రసూతి పోస్టింగ్‌లో మిమ్మల్ని మూలన నిలబెట్టే వార్డులున్నాయని నాకు తెలుసు. వద్దనే హక్కు ఆ తల్లికి ఉంది, దాన్ని గౌరవించాలి. దానికీ పోస్టింగ్ మొత్తం వృథా కావడానికీ సంబంధం లేదు. ఒక సిస్టర్‌తో ముందే మాట్లాడుకుని, ఆమే తల్లిని అడిగి ఒప్పించిన కేసుల్లో ఆమె పక్కనే ఉండండి. పుట్టిన బిడ్డ సంరక్షణ, మందుల లెక్క, చార్టులు మీరు చేయండి. ఇక్కడ సీఐ మేడమ్ కూడా గట్టిగా నిలబడాలి, అది మా బాధ్యత.

*ఫైనల్ ఇయర్, ఇంటర్న్‌షిప్.* వార్డు సిస్టర్, దూరపు మెంటర్ ఇద్దరూ కావాలి. ఒకరు చేతికి, ఒకరు ఆలోచనకు. ఇద్దరినీ ఒకే పనికి వాడుకోవద్దు.

## అడగడం ఎలా

"సిస్టర్, నాకు మెంటర్‌గా ఉంటారా?" అంటే ఆమెకు అదేదో పెద్ద బాధ్యతలా వినిపించి తప్పించుకుంటుంది. చిన్నగా అడగండి. "సిస్టర్, ఈ వారం కాన్యులా వేయడం నేర్చుకోవాలనుకుంటున్న. రెండుసార్లు మీరు వేసేది చూస్త. తర్వాత నేను వేస్త, మీరు పక్కనుండి చూస్తరా?" టైం, పని, హద్దు మూడూ ఇందులో ఉన్నాయి. వద్దంటే చిన్నబుచ్చుకోవద్దు, తర్వాతి షిఫ్టు సిస్టర్‌ను అడగండి.

ఒప్పుకుంటే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. జేబులో పట్టేది చాలు. పేజీకి ఒక వారం. ఈ వారం ప్రశ్న ఏంటి, ఎవరి పక్కన చేశాను, ఆమె ఎక్కడ ఆపింది, ఇంటికెళ్లి పుస్తకంలో ఏం చూశాను, ఇంకా ఏం రాలేదు. ఇంతే రాయాలి. రోగి పేరు రాయొద్దు. "ఎక్కడ ఆపింది" అన్న లైన్‌ను చాలామంది వదిలేస్తారు. నేను నోట్‌బుక్ చూసేటప్పుడు ముందు ఆ లైన్ దగ్గరికే వెళ్తాను.

ప్రశ్న ఎంత చిన్నదైతే అంత మంచిది. "షుగర్ రోగి సంరక్షణ నేర్చుకుంటా" అన్నది ప్రశ్న కాదు, పాఠం పేరు. "రెగ్యులర్, ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ ఒకే సిరంజిలో తీసేటప్పుడు ముందు ఏది తీయాలి, ఎందుకు" అన్నది ప్రశ్న. దానికి ఒక షిఫ్టులో జవాబు దొరుకుతుంది: తేటగా ఉన్న రెగ్యులర్ ముందు, మబ్బుగా ఉన్న ఎన్‌పీహెచ్ తర్వాత, మబ్బుది తేట సీసాలో కలిసిపోకుండా. దొరికిన ఉత్సాహంతో రేపటి ప్రశ్న దానంతటదే వస్తుంది.

రెండు వారాలైనా ఆమె ఒక్కసారి కూడా మీ చేతులు చూడలేదంటే, లేదా మీరు ఆమెకు భయపడి తప్పు దాచుకుంటున్నారంటే మెంటర్‌ను మార్చుకోండి. కృతజ్ఞత చెప్పి మార్చుకోవడంలో తప్పు లేదు. ఎంత మంచి సిస్టర్ అయినా అందరికీ సరిపోరు.

పోస్టింగ్ ఆఖరి రోజు ప్రొసీజర్ బుక్ సంతకాలకు వెళ్తారు కదా, అప్పుడు మీ చేత్తో చేయనిదాని దగ్గర సంతకం అడగకండి. పెడతామన్నా వద్దనండి. ఆ గడి ఖాళీగా ఉండనివ్వండి. తర్వాతి వార్డులో మొదటి రోజు ఆ పేజీ తెరిచి సిస్టర్‌కు చూపించి, "ఇది నాకు రాదు సిస్టర్, ఇక్కడ నేర్చుకోవాలి" అనండి.